మూల కట్టె

తుమ్మ కొట్టినంక గొడ్డలి కడగడు మా పెద్దమనిషి.
జిగురు అట్లనే ఎండిపోనిస్తడు.
"దీనికింకా తెల్వదు కొట్టేసిన్నని" అంటడు మొద్దును సూసి.
నిజమే. వారం తిరిగేసరికి
పక్కపొంటి ఒక చిగురేస్తది, పిచ్చిది.

కట్టెకు తెలిసిరావాలె.
దానికే రెండెండకాలాలు పడుతదట.

కింద రెండు షాబాదు బండలు, చెద ఎక్కకుండ.
బెరడు పైకి, కడుపు కిందికి.
వరుసకూ వరుసకూ నడుమ
అవుతలి కోడి కన్ను ఇవుతలికి కనపడేంత సందు.
ఈడ అమ్రాబాదు గుట్ట మీద గాలికేం కరువు లేదు,
దానికి దారి ఇడిస్తే సాలు.

ఎండిందో లేదో సూసుడు నాకూ నేర్పిండు.
కొసలు నా మడిమల లెక్క పగలాలె.
రెండు కట్టెలు కొట్టి ఇనాలె:
పచ్చిది దప్పుమంటది, నోట్ల అన్నం పెట్టుకున్నోని లెక్క.
ఎండింది టంగుమంటది.

పత్తికట్టె ఆత్రగాళ్ళ మంట,
కస్సుమని లేస్తది, కాగుల నీళ్ళు గోరువెచ్చ కాకముందే పంటది.
కందికట్టె జర నయం.
సలికాలం స్నానాలకు ఆ రెండే వాడుమంటడు.
కొట్టంల మూలకున్న తుమ్మను మటుకు
ముట్టనియ్యడు.

నేనడగలే.
లెక్క నాకూ వస్తది.
నీళ్ళు కాగపెట్టనీకి
మనిషి పొడుగు మొద్దులెందుకు?

వాళ్ళయ్య ముసుర్ల పోయిండు.
పచ్చి కట్టె, రెండు సైకిలు టైర్లు, డబ్బెడు గాసునూనె.
పొగ ఊరంత తిరిగి మల్ల మా ఇంటికే వచ్చిందట.
ఇంక దాని గురించి నేను మాట్లాడ.

మొన్న పుష్యమాసంల తుఫాను లేసింది.
మక్తల్ దిక్కు గొల్లోళ్ళు మా చేన్ల మంద పెట్టిండ్రు,
రెండు వందల గొర్లు, ఒక గాడిద,
నిండు నెలల బీరమ్మ.
నడిరాత్రి తడికె కొట్టిండ్రు.
కొట్టం రేకొకటి అప్పటికే లేసిపోయింది,
పత్తికట్టె తడిసి ముద్ద, కంది ఇంకా అధ్వానం.
గ్యాసుబండ సప్పుడు చేసి సూసిన,
అది ఖాళీ అని నాకెరికే.

బిడ్డ పుట్టింది.
పుట్టి, నేరేడుపండు రంగుల ఉన్నది.
ఏడ్వలే.

మూలకు పోయిన.
మొద్దు దించి మూడు దెబ్బలేసిన.
మూడుసార్లు టంగు టంగుమన్నది.
లోపల రాత్రంత ఆగని దగ్గు
ఆగిపోయింది.
ఆయనకు సమజైంది ఏ కట్టెనో.
లేసి రాలే. ఒద్దని అనలే.

ఎంత ముద్దుగ అంటుకున్నదో!
పొగ లేదు, చిటపట లేదు,
రెండేండ్లు తాగిన ఎండంత మెల్లగ కక్కింది.
ముందుగాల బిడ్డ గోర్లు ఎర్రబడ్డయ్,
తర్వాత పెదవులు,
తర్వాత ఒక్క కేక,
గాడిద గూడ బెదిరింది.
పిలవకుండనే రెండు గొర్రెపిల్లలొచ్చి
బీరమ్మ కాళ్ళ కాడ పన్నయ్.

తెల్లారి దుప్పటి కప్పుకొని వచ్చిండు.
మూలకు సూసిండు.
"ఎంత పోయింది?"
"నడుముదాక" అన్న.
"పొగొచ్చిందా?"
"ఇంతంత గూడ రాలే."
ఆ మాటకు ఆయన మొకం సూడాలె మీరు.
పొయ్యిల చెయ్యి పెట్టి
ఇంత బూడిద తీసుకొని
పండ్లు తోముకున్నడు.

నాలుగో రోజు మంద లేసిపోయింది.
ఎండ కొట్టంగనే గట్టు దిక్కు పోయిండు,
పొద్దుమీకి భుజం మీద పచ్చి తుమ్మతోని వచ్చిండు,
మోయలేక మోయలేక.

"ఇవి ఎండాలంటే ఇంక రెండెండకాలాలు" అన్న నేను.
"కానియ్" అన్నడు,
"నాకేం తొందర?"
జిగురు గొడ్డలి తీస్కపోయి
ఖాళీ అయిన మూలకు ఆనించిండు.