కేసింగ్ దిగేంత లోతు

దేవరకొండ బస్టాండు ఎనక
రెండు రిగ్గు బండ్లున్న బోర్‌వెల్ ఆఫీసుల
బిల్లులు రాసేదాన్ని నేను.
పదమూడేండ్లాయె.
లోతంటే నాకు ఫీట్లు, ఫీటుకింతని రేటు.
ఆరొందలు దాటితే రేటు మారుతది,
రైతు మొఖం గూడ మారుతది.

సైదులుకు చెప్పిన మొన్న,
రిగ్గు మీద డ్రిల్లరాయన,
తానం చేసొచ్చినా చెవులల్ల రాతిపొడి పోదు:
అండమాన్ పోతున్నం, నేనూ అనసూర్య,
సముద్రంల మునిగి అడుగు చూసొస్తం.
"ఎన్ని ఫీట్లు?" అన్నడు ముందుగాల.
నలభై.
"గంతేనా అక్కా? కేసింగు పైపుకే సాలది"
టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్విండు.

అనసూర్య అంగన్‌వాడీ టీచరు.
ఇద్దరం ఒక్కతాన్నే చిట్టీ ఏసినం.
పాట పాడి ఎత్తింది నేను, ఫ్రిజ్జు కొననీకని ఇంట్ల చెప్పి.
పాత ఫ్రిజ్జు ఇన్నదేమో,
ఆ రాత్రంత మూలిగింది.

తారీఖులు కుదరాలె గదా.
ఆమెకు గుడ్ల లెక్కలు, బాలింతల లెక్కలు,
నాకు ఎండలు ముదిరితే ఊపిరాడది.
ఇద్దరి నెల తారీఖులు క్యాలెండర్ల చుక్కలు పెట్టి తప్పించి,
ఆమె పట్టుబడితే అమాస తప్పించి,
డిసెంబర్ల మిగిలింది నాలుగు దినాలు.

ఫోన్ల శ్రీకాకుళం పిలగాడు, ఆడనే పుట్టిండంట,
తెలుగు పడవ లెక్క ఊగుతది.
బరువెంత, ఎత్తెంత, కండ్లద్దాలున్నయా,
కాలి సైజెంత మేడం?
ఏసుకొని చూసి కొంటం గని నంబరెవరు చూస్తరు!
చెప్పు తిప్పి చూసిన.
నంబరు ఎప్పుడో అరిగిపోయింది.

ఫారం మీద ముప్పై నాలుగు ప్రశ్నలు.
ఆయాసం, ఫిట్సు, చెవుల చీము.
నీళ్లల్ల ముందటి అనుభవం ఏమన్న ఉన్నదా?

నాకు ఏడేండ్లప్పుడు
మా పెదనాయిన నడుముకు బెండ్లు కట్టి
మోటబాయిల నూకిండు.
అప్పుడు కట్టింది మునగకుండ,
ఇప్పుడు వీపుకు కట్టేది మునగనీకి.
ఆ బాయి అడుగున తుమ్మచెట్టు మొలిచింది,
గట్టు మీదికెల్లి చూస్తే దాని కొసలు అందుతయి.
లేదు, అని టిక్కు పెట్టిన.

డాక్టరు సంతకం గావాలె.
ఈ దిక్కు డాక్టర్లు నాడి కంటే ముందు పండ్లు చూస్తరు.
"ఏ ఊరి నీళ్లు తాగి పెరిగినవు?"
మర్రిగూడ, అన్న.
పెన్ను ఆగింది.
మా అమ్మ నడిచిన తీరు ఆయనకు నేను చెప్పలే.
వంగు. వంగిన.
లే. లేచిన.
అద్దాలు తీసి, మల్ల పెట్టుకొని
సంతకం చేసిండు.

నా వంతు నలభై ఆరు వేలు.
అలవాటు చొప్పున ఫీట్లల్లకు మార్చిన:
తొంబై రెండు లెక్కన సరిగ్గ ఐదొందల ఫీట్లు.

పైసలు పంపేటప్పుడు
బల్లకవతల రూప్లా కూసున్నడు, ఎర్రగుట్ట తండా.
ఏడొందల అరవై ఏసిండ్రు రాత్రి.
దుమ్మొచ్చింది, మెరిసే దుమ్ము.
ఇది మూడో బోరు.
ఓటీపీ కొట్టిన.
"ఎంతాయెనమ్మా?" అన్నడు.
ఎవరిది అడుగుతున్నడో ఒక్క గడియ అర్థం గాలే.
క్యాన్ల నీళ్లు గ్లాసు నింపిచ్చిన.
సగం తాగి, సగం మొఖం మీద సల్లుకొని
కండ్లు మూసుకొని అట్లనే కూసున్నడు.
బుకింగ్ ఖాయమని ఫోను వణికింది.
బోర్ల పెట్టిన.

అనసూర్య మాస్కులు తెప్పిచ్చింది ఆన్‌లైన్ల.
పొద్దుపోయినంక బాత్‌రూముల గొళ్లెం పెట్టి
బకెట్ల మొఖం ముంచి లెక్కపెడుతున్న.
నిన్న పదకొండు, ఇయ్యాల పదిహేడు.
పన్నెండో లెక్కకాడ కండ్లు తెరిస్తే
బకెట్ అడుగున ఏండ్ల సంది పేరుకున్న
మా బోరు నీళ్ల తెల్లటి ఉప్పు,
కొమ్మలు కొమ్మలుగ, పొక్కులు పొక్కులుగ.
ఏలుతో గీకిన. రాలే.
పగడాలంటే ఇట్లనే ఉంటయా అని
రేపు ఆ పిలగాన్ని అడగాలె,
కాలి సైజు చెప్పేటప్పుడు.