సగానికి సగం

మా ఇంట్లో కొలత తప్పేది కాదు.
క్వార్టర్ సీసా మూత తీసి
రెండు స్టీలు గ్లాసులు పక్కపక్కన పెట్టి
కన్ను గీతకు ఆనించి పోస్తాంటి.
ఆమె వంగి చూస్తాండె,
"నీ దాంట్లో రోంత ఎక్కువుండాదే" అని
ఒక చుక్క తన గ్లాసులోకి వంపుకుంటాండె.
నవ్వుకుంటాంటిమి.

ఎర్రగుంట్ల బండల ఫ్యాక్టరీలో
నాలుగడుగుల నాపబండకు
ఆ కొసన సుంకులమ్మ, ఈ కొసన నేను.
కూలి మాత్రం సమానం కాదు,
నాకు ఆరునూర్లు, ఆమెకు మూడునూర్ల యాభై.
ఆ లెక్క మేస్త్రీది.
మందు లెక్క మాది.

కడప రిమ్స్‌లో చిన్న డాక్టరమ్మ
కాగితం మీద గళ్లు గీసుకోని అడిగె.

రోజుకెంత?
తొంభై.
తొంభై అంటే తొంభయ్యేనా?
శనివారం బట్వాడా నాడు నూటెనభై.
తిరునాళ్లప్పుడు లెక్క లేదు.

ఎన్నేండ్ల నుంచి?
చిన్నోడు పుట్టినాక నడుము పట్టుకున్నప్పటి నుంచి,
పద్నాలుగేండ్లు.
మొదటి గ్లాసు పోసింది నేనే.
"పొద్దంతా ఎత్తిన బండ
రాత్రి నా మీదే పండుకుంటాది" అనె.
తాగు, దిగుతాది అన్నా.
దిగింది గూడా.

తిని తాగుతాదా, తాగినాక తింటాదా?

ఈ మాట కాడ నాకు నోరు రాలే.
నేను సంగటి ముద్దకు గుంట చేసి
ఊరిబిండి అద్దుకుంటా తాగుతాంటి.
ఆమె పొయ్యి కాడ నిలబడే ఒక గుటకలో దించి
నాకు పెట్టి, పిల్లోళ్లకు పెట్టి,
కుండ అడుగు గీరేపొద్దుకు
ఆకలి చచ్చిపోయిందని పండుకుంటాండె.
సీసా గీతను చూసినంత గట్టిగా
ఆ కుండ అడుగును నేనెప్పుడూ చూళ్లే.

మీ ఇంట్లో ఇట్లా ఇంకెవురికన్నా?
వాళ్ల నాయనకు కామెర్లని పసరు కట్టించిరి.
నలభై దాటకుండానే పాయె.
ఊర్లో అందరం కామెర్లనే చెప్పుకుంటిమి,
తాగుడని ఎవురూ చెప్పుకోలే.

షుగరు ఉందా?
ఉండాది. మాత్ర, గుర్తొచ్చినపొద్దు.
రక్తమెక్కించినారా ఎప్పుడన్నా?
రెండో కాన్పులో.
బి వైరస్ ఉందేమోనని
ఇంకో సీసా నెత్తురు లాగిరి.

గళ్లన్నీ నిండినాక డాక్టరమ్మ పెన్ను మూసె.
"ఆడమనిషి ఒంట్లోకి పోతే
అదే గ్లాసు అదే గ్లాసు కాదన్నా.
ఒంట్లో నీళ్లు తక్కువ, మందు చిక్కగా నిలుస్తాది.
కార్జం ముందే ఓడిపోతాది."

నాక్కూడా నెత్తురు తీసినారు.
నాది రోంత కొవ్వు పట్టిందంట.
ఇప్పుడు ఆపితే మళ్లుకుంటాదంట.
ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి
డ్రాయరు జోబులో దాచుకున్నా,
దొంగసొమ్ము మాదిరి.

కడుపులో నీళ్లు తోడినాక
ఆమె రోంత తేలికపడి గోడకానుకోని కూర్చునె.
అద్దం అడిగి కండ్లు చూసుకునె.
"ఈ నెల పసుపు కొనే పని తప్పె" అనె.
పక్క మంచం ముసిలామె నవ్వలే.
నేనూ నవ్వలే.

ఉప్పు తగ్గించమన్నారు.
గుడ్డు పెట్టమన్నారు.
పొద్దున క్యాంటీన్లో ఒకటి ఉడకేయించి
పెంకు వొలిచి ప్లేట్లో పెట్టిస్తి.
మొత్తం నీదే, అని చెప్తి.

సుంకులమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పె.
కొంగు అంచు నుంచి ఒక దారప్పోగు లాగి
గుడ్డు నడుముకు చుట్టి,
ఆ పచ్చటి కన్నును గీతకు ఆనించి
మెల్లగా బిగించె.

"ఇదో" అనె, చెయ్యి సాపి.