ఖాళీ గడులు

జ్ఞానాపురంలో ఎర్నమ్మ డాబా మీద
పిట్టగోడకి తీగ చుట్టి కట్టాం సెన్సారుని.
కరెంటు ఆమెదే. నెలకి యాభై ఇస్తామంటే
"గాలి తూసీదానికి డబ్బులేటమ్మీ" అని నవ్వింది.

రెండేళ్ల గాలి అక్కడ గంటగంటకీ అంకె అయింది.
పగలు సముద్రం తోసే గాలి,
రాత్రి కొండల మీంచి దిగే గాలి,
యారాడ కొండకీ సింహాచలం కొండకీ మధ్య
గిన్నెలో నిన్నటి పులుసులా కదలని డిసెంబరు గాలి.
పోర్టులో బొగ్గు దించిన ఓడల పట్టీతో కలిపి
అంతా మోడల్‌కి పెట్టాను,
గోరుముద్దల్లా కాదు, లారీకి లోడెత్తినట్టు.

నేర్చుకుంది. గాజువాకని బాగా చెప్పేది,
మల్కాపురం ఫర్వాలేదు.
ఎర్నమ్మ ఇంటి దగ్గరే తప్పేది.
ఎప్పుడూ తక్కువే చెప్పేది, మొహమాటస్తురాలిలా.

వెనక్కి వెళ్లి చూస్తే
చలికాలం రాత్రుల్లో గడులు ఖాళీ.
రెండు నుంచి నాలుగు దాకా, ఒక్కోసారి తెల్లారేదాకా.
అలాంటి చోట సగటు వేసి పూడ్చడం మా పద్ధతి.
రోడ్డు గోతిలో మట్టి పోసినట్టు
నూట పద్నాలుగు గంటలు నేనే పూడ్చాను.

తీగ ఎలకలు కొరికాయేమోనని వెళ్లాను.
తీగ బాగానే ఉంది.
ఇంట్లో ప్లగ్గు ఒక్కటే.
"గుంటడికి ఆయాసం వొచ్చినపుడు
నీ డబ్బా పీకీసి ఆవిరి మిషను ఎడతాను.
తప్పేటి?"

మంచం కింద నెబ్యులైజరు,
పగిలిన గొట్టానికి పాత బనీను పీలిక.
మనవడు లెక్కలు చేసుకుంటూ తలెత్తలేదు.

తప్పేమిటో ఏం చెప్పను.
గాలి బరువెక్కిన ప్రతి రాత్రీ
ఆమె లేచి నా సెన్సారు పీకేసింది.
ఆ గంటలన్నిటికీ నేను
మామూలు రాత్రి అని రాసిపెట్టాను.

ఇప్పుడు పట్టికలో ఒక నిలువు వరుస ఎక్కువుంది.
శాస్త్రీయంగా ఉండే పేరేదైనా పెట్టమన్నారు మా సారు.
'పీకిన వేళ' అనే ఉంచాను.
పూర్ణా మార్కెట్లో మూడు సాకెట్ల బాక్సు కొనిచ్చాను, నూట ఎనభై.

ఈ సాయంత్రం మోడల్ అంది:
రేపు రాత్రి రెండు దాటాక, జ్ఞానాపురం, ఎరుపు.
ఫోన్ చేశాను.
"ఐతే ఏటి సెయ్యమంటావు?
తలుపేసినా వొస్తాది, తీసినా వొస్తాది."

మందు ఉందో లేదో చూసుకోమన్నాను.
చూడ్డానికి ఫోను గట్టు మీద పెట్టి వెళ్లింది.
చాలాసేపు రాలేదు.
లైన్లో ఓడ కూత ఒకటి వినిపించింది,
వచ్చేదో, పోయేదో.