గరుకు

ఆ లేజర్‌ని నేను చూడలేదు.
ఎక్కడో దూరాన, మందపాటి గోడల వెనక
వెంట్రుకంత రేకుని కొడుతుంది,
రెప్పపాటులో పదికోట్లో వంతు.
తర్వాత రేకు ఉండదు. అడగడానికేమీ మిగలదు.
అందుకే ముందే చెప్పమన్నారు నన్ను:
దెబ్బ సగం దూరం నడిచేసరికి
ఎక్స్‌రేలో ఎట్టా కనబడుతుందో.

చీమకుర్తిలో అద్దె గది, పైవాటా.
రాతిపొడి రాకుండా కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కి
అంకెల్లో కిరణాలు వదులుతాను.
కొన్ని దాటిపోతాయి, కొన్ని దారి తప్పుతాయి.
నలిగి చిక్కబడ్డ చోట ఎక్కువ చస్తాయి.
అక్కడే నీడ. అక్కడే దెబ్బ మొహం.

మొదటి బొమ్మ మరీ అందంగా వచ్చింది,
నలుపుకీ తెలుపుకీ మధ్య సూదితో గీసినట్టు.

కిందవాటా కాలేషా మామ
ముప్పయ్యేళ్ళు క్వారీలో మందు కూరినవాడు,
సుత్తితో రెండుసార్లు తట్టి
బండలో బీట ఎటు పోయిందో చెప్పేవాడు.
టీ గ్లాసుతో వచ్చి తెర ముందు నిలబడ్డాడు.
"ఏందమ్మే ఇది, రాయా?"
రాయి లాంటిదే మామా, దెబ్బ తిన్నది.
"అబద్ధం. దెబ్బ తిన్నది ఇంత నున్నగా ఉండదు."

నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
లేచి గరుకు కలిపాను.
కిరణం పుట్టే చోటు చుక్క కాదు, మచ్చ:
గీత అంచు చెదిరింది.
వెలుగు ధారగా పడదు, గింజలుగా రాలుతుంది:
అదీ కలిపాను. ఫలకం మీది పాత మరకలు కూడా.
పాడుచేసే కొద్దీ నిజానికి దగ్గరయ్యింది.
"ఆ, ఇప్పుడు రాయి" అన్నాడు పొద్దున, గడ్డం గోక్కుంటా.

మధ్యాహ్నం రామతీర్థం వైపు సైరన్.
మామ మాట ఆపాడు.
ముందు గోడలో, ఆ తర్వాతే చెవిలో.
గ్లాసులో టీ వలయాలు.
"మూడు హోళ్ళు పేలలేదు" అని
మళ్ళీ మాటలో పడ్డాడు.

శనివారం ఒంగోలు వెళ్ళొచ్చాడు.
గోధుమరంగు కవర్లోంచి ఫిల్ము తీసి
కిటికీ అద్దానికి ఆనించాడు.
రెండు నల్లటి పలకలు, వాటి నిండా
సానబట్టిన గెలాక్సీ రాయిలో మెరిసినట్టు
చుక్కలు.

"ఇందులో నువ్వు కలిపే గరుకు
ఎంతుంటదమ్మే?"

ఫిల్ము తిరగేసి చూశాను.
అటునించీ అవే.