చేపముల్లు కాలువ

నీరు పాటు తీసింది, దిగండి, అన్నాడు మేస్త్రి ఎర్రయ్య.
పదకొండు మందిమి దిగాం.
మోకాళ్ళ దాకా రొంపి, భుజాల మీద పారలు,
మొలకి కట్టిన సంచిలో చద్దన్నం, ఉల్లిపాయ.

ఇక్కడ అడవి ఉండేదని
కాగితాల్లో ఉందట.
కంటికి కనబడేది ఒట్టి చవిటిపర్ర.
జ్వరమొచ్చిన నాలుక మీద పూతలా తెల్లటి ఉప్పు.
పీత కూడా బొరియ పెట్టడం మానేసిన నేల.

ఎర్రయ్య కర్రతో గీసి చూపించాడు:
"ఇది వెన్నుముల్లు, ఏటిలోంచి మొదలు.
ఇవి పక్కముళ్ళు, ఏటవాలుగా, అటూ ఇటూ.
పండుగప్ప తిన్నారు కదా,
తిన్నాక ఆకులో ఓ వారకి నెట్టేస్తారే, అదే తవ్వండి."
నవ్వాం.
పండుగప్ప పట్టినోళ్ళం, అమ్మినోళ్ళం.
తిన్నదెప్పుడు?

ఇరవయ్యేళ్ళ కింద ఈ గట్టు వేసింది నేనే.
రొయ్యల చెరువు, గుత్త పని,
రోజుకి అరవై రూపాయలు.
మడచెట్టు పడేటప్పుడు ఫెళఫెళమనదు.
బురద కదా,
నిద్రొచ్చిన పిల్లలా మెత్తగా ఒరుగుతుంది.
ఆ డబ్బుతో కాసులమ్మకి ముక్కుపుడక కొన్నాను.
అబద్ధమెందుకు, సంతోషంగానే కొన్నాను.

మూడు పంటలు బాగా తీశారు.
నాలుగో పంటకి తెల్లమచ్చ.
చెరువు వాళ్ళు ఏరేటర్లు లారీకెక్కించుకుని
తాళ్ళరేవు రోడ్డెక్కి వెళ్ళిపోయారు.
గట్టు మాత్రం ఉండిపోయింది,
ఏటికీ నేలకీ మాటల్లేకుండా చేసి.

ఆ తర్వాతెప్పుడో మా బోరింగు నీళ్ళు మారాయి.
పెట్టిన టీ పెట్టినట్టే విరిగిపోయేది.
పాలు మంచివి కావని
పాలవాడితో ఏడాది పాటు తగువాడింది కాసులమ్మ.
పాపం, వాడు ఇళ్ళు మార్చేసుకున్నాడు.

కాకినాడ నుంచి వచ్చిన పిల్ల, హెప్సిబా,
గాజు గొట్టంలో మా మట్టి పోసి ఉప్పు లెక్క రాసుకుంటుంది.
మడ పెరిగితే, అంటుంది,
గాల్లో ఉన్న బొగ్గుని లాగి బురదలో దాస్తుందట.
మా వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.
నాకు మాత్రం మా నాయనమ్మ కుంపటి గుర్తొచ్చింది.
రాత్రిపూట బొగ్గుల మీద బూడిద కప్పేది,
పొద్దుటికి నిప్పు మిగలాలని.
ఇక్కడ కప్పేదీ బొగ్గునే,
నిప్పు లేవకూడదని.
ఏదైనా కప్పే చెయ్యి ఒకటుండాలి.

పదకొండో రోజు.
ముళ్ళన్నీ తవ్వడం అయింది. గట్టు మిగిలింది.
గండి నేను కొడతానన్నాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.
గట్టిగానే వేశాను ఆ రోజుల్లో;
పార రెండుసార్లు వెనక్కి ఎగిరింది.

పోటొచ్చింది.
ముందు నురుగు,
తర్వాత ఓ కొబ్బరిపీచు, రొయ్యల మేత సంచి ముక్క,
వాటి వెనక నీళ్ళు,
బెరుకుగా, చాలాకాలానికి పిలుపందుకున్న చుట్టంలా
గుమ్మం దగ్గర కాసేపు ఆగి,
వెన్నుముల్లు పట్టుకుని లోపలికి నడిచాయి.
ఒక్కో పక్కముల్లులోకీ తిరిగాయి.
ఎండిన ముల్లుకి కండ పడుతున్నట్టు
పర్రంతా మెల్లగా ఉబ్బింది.

"గింజలు మనం చల్లక్కర్లేదా?" అడిగాను.
"దారి ఇచ్చాంగా, కొన్ని ఏరే తెస్తుంది," అంది హెప్సిబా.
"తేకపోతే?"
"అప్పుడు చల్లుదాం."
ఆ మాట నాకు నచ్చింది.

చీకటి పడ్డాక ఇంటికెళ్తే
కాసులమ్మ టీ పెట్టింది. విరిగింది.
వడకట్టి ఇచ్చింది, తాగాను.
వచ్చే ఏడూ విరుగుతుందేమో, ఆ పై ఏడూ.
రేపు అమాస, పెద్ద పోటు.
కాలువ నోట్లో ఇసక మేట వేస్తే తియ్యాలి.
పార కడిగి తలుపు పక్కనే పెట్టాను.