రేడియేటర్ మీద సగం సూర్యుడు

సైదాపురం దాటినాక తారు రోడ్డు వదిలి
మూతబడ్డ గని దోవ పట్టుకుంటే
సర్కారుతుమ్మ కంపలోంచి ఒక ముక్కు పొడుచుకొచ్చింది.
లారీ ముక్కు.
ఇప్పటి లారీలకు ముక్కేదీ?
గోడకు రెండు కళ్ళు అతికించినట్టుంటాయి.

పాతినుము పెంచలయ్య రాత్రి ఫోన్ చేశాడు:
"అబ్బయా, రేపు కోసేస్తుండా. చూడాలంటే తెల్లారే రా."
ఆయనకు లోకం కిలోల్లో తెలుసు.
నాకు పేర్లతో పని.

నెంబరు ప్లేటు లేదు.
చాసిస్ మీద అంకెల్ని తుప్పు మేసేసింది,
మిగిలింది ఒక్క గీత, ఏడో ఒకటో.
"ఫార్గో" అన్నాడు కట్టర్ మస్తాన్, సిలిండర్ దించుతా.
కాదు. ఫార్గోకి భుజాలు గుండ్రంగా ఉంటాయి.
"బెడ్‌ఫోర్డంట, మా తాత చెప్పినాడు" అన్నాడు మేకలు కాసే పిల్లోడు.
బెడ్‌ఫోర్డు దూరం నుంచే పలకరిస్తుంది.
ఇది తల దించుకుని నిలబడే రకం.

ఎడమ చక్రం నట్టుకి పానా పట్టించి కుడివైపు తిప్పాను.
ఊడలేదు గానీ కిర్రుమని కదిలింది.
అయితే సీమ సరుకే!
ఇంజను ఎప్పుడో పోయింది,
ఏ మాగాణి గట్టునో నీళ్ళు తోడి తోడి చచ్చుంటుంది.
గేరు కడ్డీ తల మాత్రం
ఎవరి అరచేతిలోనో అరిగి
రేగిపండంత నున్నగా ఉంది.

జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి
రేడియేటర్ నెత్తిన గోకడం మొదలుపెట్టాను.
ముందు ఎరుపు రాలింది, తర్వాత నలుపు,
తర్వాత ఒక గీత,
దాని పక్కన ఇంకో గీత,
విసనకర్ర ఈనెల్లా విచ్చుకుంటా వచ్చి
అన్నీ కలిసే చోట
సగం సూర్యుడు.

ఆల్బియన్!
నా కేకకి మేకలు మెయ్యడం ఆపాయి.
ఇరవై రెండేళ్ళుగా నోటుపుస్తకంలో
దీనికోసమే ఒక పేజీ ఖాళీగా ఉంచాను.

"అయితే రేటేమన్నా పెరుగుద్దా?" అన్నాడు పెంచలయ్య.
నేను మాట్లాడలేదు.

అప్పుడు ఆ పిల్లోడి జేజి అంకమ్మ
కంప తప్పుకుంటా కర్రతో వచ్చింది.
"దాని పేరు అది కాదు" అంది.
"మేము దగ్గులమారి అనేవాళ్ళం.
ముందు హ్యాండిలేసి తిప్పితే
దిబ్బలన్నీ కదిలేట్టు దగ్గేది.
ఆ దగ్గు ఇని మేము రేకులేరను లేచేవాళ్ళం.
తర్వాత్తర్వాత మా ఆయనకీ వచ్చింది, గని దుమ్ము.
తెల్లారుజామున ఎవురు దగ్గుతుండారో
బండో మనిషో తెలిసేది కాదు."

ఆమె తొట్టి వెనక పలకను తట్టింది.
"గూడూరు ఆసుపత్రికి దీంట్లోనే ఏసకపోయినారు.
వచ్చేటప్పుడు
బండొకటే దగ్గింది."

మస్తాన్ మంట వెలిగించినోడు వెలిగించినట్టే ఆర్పి
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.
పెంచలయ్య సెల్లులో టైం చూసుకుని
మళ్ళీ జేబులో పెట్టుకుని
మళ్ళీ తీశాడు.
నా పేజీలో తయారీ, దేశం, చక్రాలు, బరువు
అన్నిటికీ గడులున్నాయి.
ఆమె చెప్పినది ఏ గడిలో రాయాలో తెలీక
పెన్ను మూత పెట్టేశాను.

అంకమ్మ పలకల సందులోంచి
కాకిబంగారం తునక ఒకటి గోటితో లాగింది.
పొర విప్పింది. ఇంకో పొర విప్పింది.
ఎండకు అడ్డం పెట్టి ఒక కన్ను మూసి
"పచ్చ రేకు. మరక లేదు. మొదటి రకం" అంది.

నేనూ తీసుకుని చూశాను, అటూ ఇటూ తిప్పి.
అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి.