చచ్చాక మాట్లాడకూడదు

మా ఆటలో మొదటి నియమం ఇది:
చచ్చాక మాట్లాడకూడదు.

నలుగురం పడిపోయి ఒక్కడు మిగిలితే
ఆ ఒక్కడికి అడుగుల చప్పుడు వినబడాలి.
ఇనుప మెట్ల మీద ఒకలా,
ఇసుక మీద ఒకలా,
తడి సిమెంటు మీద దాదాపు ఏమీ లేనట్టు.
అందుకే నలుగురు శవాలం
మైకు దగ్గర ఊపిరి బిగబట్టి
వాడి కళ్ళతో చూస్తూ కూర్చుంటాం.

ఇలా కూర్చోవడం నేర్చుకోడానికి
గురి కుదరడం కన్నా ఎక్కువ కాలం పట్టింది నాకు.

ఉలాన్‌బాతర్‌లో, బస్సు డిపో వెనక,
దుల్మా నేలమాళిగలో ముప్పై కంప్యూటర్లు.
పైన మైనస్ ముప్పై, బొగ్గు పొగ, కనబడని వీధి దీపాలు.
కింద ఉప్పు వేసిన పాల టీ, మేజోళ్ళ కంపు, మేము.
అప్పు పెరిగితే దుల్మా మెషిన్ కట్టేసేది,
రౌండు మధ్యలో మాత్రం ఎప్పుడూ కట్టేయలేదు.
అంత మర్యాద
ఆ తర్వాత నేను సంతకం పెట్టిన ఏ కాంట్రాక్టులోనూ లేదు.

సోద్‌బిలెగ్ తనకు పెట్టుకున్న పేరు ఖుల్గన్.
మా భాషలో ఎలుక.
అరచేతి కింద ఉన్నదీ ఎలుకే.
వాడు ఏది, అది ఏది
అని తేడా తెలియని రాత్రులున్నాయి.

నేను కెప్టెన్ని. మాట నాది, తూటా వాళ్ళది.
బెల్‌గ్రేడ్‌లో రెండు గదులు, ఐదు పరుపులు,
రోజుకి పదకొండు గంటల సాధన, గుడ్లూ అన్నమూ.
నిద్రలో కూడా నేను "ఆగండి, ఇంకా వెళ్ళొద్దు" అంటున్నానని
పక్క పరుపు మీద తెముగె ఫిర్యాదు.

మాల్మోలో ఆ రోజు
గాజు గది బయట పన్నెండు వేల మంది.
వాళ్ళ అరుపు చెవికి చేరదు,
బల్ల వణికి మోచేతులకు తెలుస్తుంది.
చివరి రౌండు. నేను ముందే చచ్చాను,
పీపాల వెనక ఎవడో కదిలాడని అనుకుంటూ చచ్చాను.
ఇటు ఖుల్గన్ ఒక్కడు. అటు ఇద్దరు.
వాడు ఆగాడు. వింటున్నాడు.

"వెనక!" అన్నాను.

వాడు తిరిగాడు.
వెనక పీపాలు తప్ప ఏమీ లేదు.

పగ్గం తెంచుకున్న గుర్రాన్ని పట్టుకోవచ్చు,
నోరు దాటిన మాటని పట్టుకోలేం
అనేవాడు మా నాన్న, లారీ టైరు మారుస్తూ.
హోటల్ వరండాలో ఖుల్గన్ నన్ను ఒక్క మాటా అనలేదు.
జేబులోంచి ఎండు పెరుగు ముక్క తీసి
పంటితో విరిచి
పెద్ద సగం నాకిచ్చాడు.
తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత మేనేజరు ఒక కాగితం చూపించాడు.
నా వేలు కదలడానికి పట్టే కాలం
నిరుటి కన్నా పద్దెనిమిది మిల్లీసెకన్లు ఎక్కువట.
పద్దెనిమిది! అందులో చీమ కూడా కాలు ఎత్తలేదు.
మాల్మో ఊసు ఎత్తకపోవడం అతని మంచితనం.
మా నాన్న ఇరవై ఆరో ఏట లారీ నేర్చుకున్నాడు.
నేను ఇరవై ఆరో ఏట మాజీనయ్యాను.

ఇప్పుడు దుల్మా దగ్గర రాత్రి కౌంటరు నాదే.
కేబుళ్ళు మారుస్తాను, కీబోర్డుల్లోంచి
పొద్దుతిరుగుడు గింజల పొట్టు దులుపుతాను.
తెల్లవారుజామున మూడింటికి గోడ మీద టీవీలో
ఎక్కడో యూరప్‌లో సాయంత్రం, మా జట్టు ఆడుతోంది.
నా కుర్చీలో పదిహేడేళ్ళ అనర్.
గొంతు ఇంకా పూర్తిగా మారలేదు,
పిలుపు మాత్రం శుభ్రంగా ఉంది, ఒప్పుకోవాలి.

ఖుల్గన్ మళ్ళీ ఒక్కడే మిగిలాడు.
చూసేవాళ్ళకి గోడలు అడ్డం కావు.
తలుపు పక్కన, మోకాళ్ళ మీద, ఒకడు కాచుకుని ఉన్నాడు.
ఈసారి నిజంగానే వెనక.
టీవీ కింద కుర్రాళ్ళందరూ కేకలు.
నా నాలుక పళ్ళ దాకా వచ్చింది.

నేను చచ్చి ఏడు నెలలు.

పంతొమ్మిదో మెషిన్ టైము అయిపోయిందని
కౌంటరు మీద ఎర్రగా మెరుస్తోంది.
తల తిప్పి వాడి తెర చూశాను.
రౌండు ఇంకా నడుస్తోంది.
స్విచ్చి మీంచి చెయ్యి తీశాను.